నెమరు వేయని చదువు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక మా పర్లాకిమిడికి పాతపట్నం మీదుగా వస్తుంది. ఆంధ్ర దాటి ఒడిశాలోకి రావాలి కాబట్టి ఒక్కోరోజు ఏడు గంటలకు అందుతుంది, వాన పడితే తొమ్మిదవుతుంది. రాగానే నేను ముందు ఉత్తరాల పేజీ తిప్పుతాను. అది నా ఎన్నో ఏళ్ల అలవాటు.

జనవరి 1న మీరు ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక ఒకటి అచ్చువేశారు. మా ఆవిడ దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. నన్ను ఉడికించడానికే అంటించిందని నాకు తెలుసు, ఎందుకో తరువాత చెబుతాను. పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు ఆ పట్టికను మెచ్చుకుంటూ రాశారు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో ఆయన, ఇలాంటి పట్టికను మొదలుపెట్టి నెల తిరగకుండానే వదిలేసేవారికి దేవుని మీద ప్రేమ లేనట్టే అన్నారు. ఆ వాక్యం చదివాకే నేను కాగితం తీశాను. ఆయనతో తగవు పెట్టుకోవాలని కాదు. సరే, కొంచెం తగవే అనుకోండి.

లెక్క చూద్దాం. ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. 365 రోజులకు పంచితే రోజుకు మూడుంపావు. ఆదికాండము నుంచి వరుసగా వెళ్లేవాడు జనవరి 28న లేవీయకాండములో అడుగుపెడతాడు. ఆదికాండము నిండా కథే. నిర్గమకాండము సగం వరకూ కథే. ఆపైన గుడారపు తెరలు, కొలుకులు, దిమ్మలు, కొలతలు వస్తాయి. వాటిని ఎలాగో దాటినవాడికి ఎదురుగా బలుల నియమాలు నిలబడతాయి. జనవరి నెలాఖరుకు ఏ జంతువును తినవచ్చు, ఏది తినకూడదు అనే పదకొండో అధ్యాయం వస్తుంది. చాలామంది ఆగేది సరిగ్గా అక్కడే. ఈ ఉత్తరం మీకు చేరే రోజుకు మీ పాఠకుల్లో ఎన్ని వందల మంది అక్కడ చతికిలపడి, ఎవరికీ చెప్పుకోలేక సిగ్గుపడుతున్నారో. వారి తరఫున నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుంది. నేనూ అక్కడ పడ్డవాడినే. అంతకన్నా పెద్ద అర్హత ఏమిటంటే, ఆ పదకొండో అధ్యాయమే నా ఉద్యోగం.

నేను పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై నాలుగేళ్లు చేసి 2013లో రిటైరయ్యాను. చేరినప్పుడు మాది గంజాం జిల్లా. 1992లో గజపతి జిల్లా అయింది. గుమ్మ, కాశీనగర్, సెరంగో పక్క కొండ ఊళ్లు, ఎక్కడ చూసినా సైకిలు మీద, తరువాత మోపెడ్ మీద, టీకాల మందు ఐసుపెట్టెలో పెట్టుకుని తిరిగాను. వంశధార పక్క ఊళ్లలో తెలుగు, పట్నంలో ఒడియా, కొండ మీద సవర. మూడు భాషల్లోనూ రైతు మొదట చెప్పే మాట ఒకటే. ఆవు పాలు తగ్గాయని కాదు, జ్వరమని కాదు. "బాబూ, నిన్నటి నుంచి నెమరు వేయడం లేదు." ఒడియా రైతు అయితే "పాకుళి కరునాహి" అంటాడు. ఆ మాట వింటే చాలు, మేము లేచి చెప్పులు వేసుకునేవాళ్లం. మందు పేరు తరువాత సంగతి.

రిటైరయ్యాక మరుసటి జనవరి నుంచే బైబిలు పట్టిక పట్టాను. ఒక నోటుపుస్తకం కొని, గీతలు గీసి, చదివిన అధ్యాయానికి ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవాడిని. ప్రభుత్వ ఉద్యోగి చెయ్యి కదా, రిజిస్టరు లేకపోతే నిద్ర పట్టదు. 2014లో లేవీయకాండములో మునిగాను. 2015లో యెహెజ్కేలు దాకా ఈదాను. 2016లో పట్టుదలగా లాగి, డిసెంబరు 30, 31 రెండు రోజుల్లో నలభై అధ్యాయాలు మింగి, రాత్రి పదకొండున్నరకు ప్రకటన గ్రంథం ఆఖరి టిక్కు పెట్టాను. కొత్త సంవత్సరపు ఆరాధనలో సంఘం వారు శాలువా కప్పారు. నిజం చెబుతున్నాను, ఆ శాలువా బాగుంది, ఇప్పటికీ చలికాలం కప్పుకుంటాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ కాఫీ ఇస్తూ అడిగింది. "ఏమండీ, ఆమోసు ఏమి చెప్పాడు?"

నాకు గుర్తులేదు. తొమ్మిది అధ్యాయాల పుస్తకం. నెల కిందటే చదివాను. నోటుపుస్తకంలో తొమ్మిది టిక్కులూ ఉన్నాయి.

ఆమె బైబిలు తెరిచి ఏడో అధ్యాయం పద్నాలుగో వచనం మీద వేలు పెట్టింది. నేను ప్రవక్తను కాను, ప్రవక్త శిష్యుడిని కాను, "పసులకాపరినై మేడిపండ్లు ఏరుకొనువాడను" అంటున్నాడు ఆమోసు. జీవితమంతా పశువుల వెనక తిరిగినవాడిని, బైబిల్లో నా శాఖవాడు ఒకడు నిలబడి పలకరిస్తే మోపెడ్ ఆపకుండా వెళ్లిపోయాను. ఫ్రిజ్ మీద మీ పట్టిక ఎందుకు అంటించబడిందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

బైబిలును ఆనందంగా చదివిన మనిషిని నేను చిన్నతనంలోనే చూశాను, గుర్తుపట్టలేదు. మా నాన్న నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు మార్గంలో పాయింట్స్‌మన్. 1900లో మా ఊరి రాజావారు నౌపడా నుంచి ఇక్కడికి వేయించిన రెండున్నర అడుగుల పట్టా అది. ఇప్పుడు పెద్ద బండి వచ్చేసింది. నాన్న మూడో తరగతి వరకే చదివాడు. ఒక బండికీ మరో బండికీ మధ్య స్టేషను బల్ల మీద కూర్చుని, బైబిల్లో వేలు పెట్టి, పెదవులు కదుపుతూ సన్నగా గొణిగేవాడు. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ. దిగే ప్రయాణికులు చూసి నవ్వేవారు. చదువు సరిగ్గా రానివాడు అలాగే చదువుతాడని నేను అనుకునేవాడిని. హైస్కూలుకు వచ్చాక, స్నేహితులతో స్టేషను వైపు వెళ్లాల్సి వస్తే చుట్టుతిరిగి వెళ్లేవాడిని. దానికి ఈ వయసులో ఎవరిని క్షమాపణ అడగను?

2017లో నా కుడికంటికి శుక్లాల ఆపరేషను జరిగింది. ఎడమకన్ను అప్పటికే మసక. కొన్ని వారాలు పుస్తకం పట్టవద్దన్నారు. మా మనుమరాలికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఒడియా మీడియం, తెలుగు మాట్లాడుతుంది కాని అక్షరాలు రావు. రోజూ నాకు బైబిలు చదివి వినిపించే పని వాళ్ల అమ్మ దానికి అప్పగించింది. అది బడిలో ఇచ్చిన ఒడియా బైబిలు తెచ్చి, గుమ్మంలో నిలబడి, ఒక్క వచనం చదివి, "అయిపోయింది తాతా" అని ఆటకు పరుగెత్తేది. ఇంకొకటి చదవమ్మా అంటే, రేపు అనేది. బయట గోళీలాట నడుస్తోంది మరి.

ఆ ఒక్క వచనంతో నేను పొద్దంతా గడపాలి. టీవీ లేదు, పేపరు లేదు, టిక్కు పెట్టడానికి పుస్తకం లేదు. మొదటి రోజు విసుగు వచ్చింది. రెండో రోజు ఆ ఒడియా వాక్యాన్ని తెలుగులోకి తిప్పుకుంటూ కూర్చున్నాను. తెలుగు బైబిల్లో ఈ చోట ఏ మాట ఉంటుంది? గుర్తు రాదు. మధ్యాహ్నం నిద్రపట్టే ముందు గుర్తు వస్తుంది. వచ్చిన మాటను ఇటు తిప్పి చూస్తాను, అటు తిప్పి చూస్తాను. నాలుగో రోజో అయిదో రోజో మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమిటండీ ఆ గొణుగుడు, అచ్చం మామయ్యగారిలాగే" అంది.

నేను నోరు మూసుకున్నాను. అప్పటిదాకా నా పెదవులు కదులుతున్నాయని నాకే తెలియదు.

సంపాదకులు గారూ, ఆవు గడ్డి తినేటప్పుడు నమలదు. ఇది చాలామందికి తెలియదు. నాలుకతో చుట్టి, తెంపి, రెండు కొరుకులు కొరికి మింగేస్తుంది. మైదానంలో ఉన్నంతసేపు దాని పని పోగుచేసుకోవడమే. తరువాత నీడ చూసుకుని కూర్చుంటుంది. కడుపులోంచి ఒక ముద్ద మెడ ఎడమ పక్కగా పైకి జారుకుంటూ వస్తుంది, చూస్తే కనబడుతుంది. దాన్ని నలభై నుంచి అరవై సార్లు నములుతుంది. మింగుతుంది. కాసేపు ఆగుతుంది. ఇంకో ముద్ద. ఇలా రోజుకు ఏడెనిమిది గంటలు. గడ్డిలో ఉన్న బలం రక్తంలోకి చేరేది ఈ రెండో నమలడం సరిగ్గా ఉంటేనే. మేము వెళ్లి ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి, పెద్దపొట్ట కదులుతోందా లేదా అని చూసేవాళ్లం. పొట్ట నిండుగా ఉండి కదలిక లేకపోతే అది మేత ఉన్న పశువే కాని తిన్న పశువు కాదు. ఇంకో సంగతి. బెదిరిన పశువు నెమరు వేయదు. నొప్పి ఉన్నా వేయదు. కుక్కలు తరిమితే నోట్లో ఉన్న ముద్దను అలాగే మింగి లేచి నిలబడుతుంది. 2016 డిసెంబరు 31 రాత్రి నా పరిస్థితి ఇదే. పొట్ట నిండింది, కదలిక లేదు, వెనక క్యాలెండరు తరుముతోంది.

కట్టు విప్పి, అద్దాలు వచ్చాక నేను మొదట తెరిచింది లేవీయకాండము పదకొండే. పగ తీర్చుకోవాలని. అక్కడ ఏముంది? డెక్కలు చీలి ఉండి "నెమరువేయు" జంతువును తినవచ్చు. ఆ మాట ఆ అధ్యాయంలో ఎన్ని సార్లు వస్తుందో! 2014లో నన్ను ఆపిన పేజీలో ముప్పై నాలుగేళ్లు నేను రోజూ విన్న మాట ఉంది. గట్టిగా నవ్వాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఇదే నాకు గ్రంథం చదువుతూ కలిగిన మొదటి ఆనందం, అరవై రెండేళ్ల వయసులో. (అదే అధ్యాయంలో కుందేలు కూడా నెమరు వేస్తుందని ఉంది. అది ఆవులాగా నెమరు వేయదని పశువైద్యం చదివినవాడిగా చెప్పాలి. తన మెత్తటి పెంటికలను తానే మళ్లీ తింటుంది, దవడ మాత్రం ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. చూసినవాడికి నెమరులాగే కనిపిస్తుంది. దీని మీద నాతో వాదించడానికి ఇద్దరు పాస్టర్లు ఇప్పటికే ఇంటికి వచ్చారు, టీ తాగి వెళ్లారు.)

తరువాత తెలిసింది, ఈ పోలిక నాకు కొత్తగా తట్టింది కాదని. రెండో శతాబ్దం సగం గడవకముందే రాసిన బర్నబా లేఖలో (బైబిల్లో చేరని పాత క్రైస్తవ రచన), నెమరువేసే జంతువులంటే ప్రభువు మాటను ధ్యానించేవారని ఉంది. నాకన్నా పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా ముందే ఒకాయన చెప్పేశాడు. కొంచెం నిరాశపడ్డాను.

మా సంఘానికి వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక వేదాంత కళాశాల అధ్యాపకుణ్ణి మొదటి కీర్తన గురించి అడిగాను. దివారాత్రము ధ్యానించువాడు ధన్యుడు అంటుంది కదా, రాత్రింబగళ్లు కళ్లు మూసుకుని ఎవరు కూర్చోగలరు అని. ఆయన చెప్పినది నేను మరచిపోను. అక్కడి హెబ్రీ మాట 'హాగా' అట. దానికి కళ్లు మూసుకోవడంతో పనిలేదు. నోటితో సన్నగా చేసే శబ్దం అది. యెషయా గ్రంథంలో సింహం దొరికిన వేటను కాళ్ల కింద పెట్టుకుని గుర్రుమనే చోట అదే మాట, హిజ్కియా రాజు జబ్బుపడి గువ్వలాగా మూలిగిన చోట అదే మాట. అంటే ఆ కీర్తన చెబుతున్న ధన్యుడు గొణుగుతున్నాడు. స్టేషను బల్ల మీద, రెండు బళ్ల మధ్య, వేలు పెట్టుకుని. ఆ ముక్క విన్నాక నేను ఆయన్ను భోజనానికి ఉండమని అడగడం కూడా మరచి ఇంటికి వచ్చేశాను.

అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయాను చదువుకుంటూ వెళుతుంటే, పక్కన పరుగెత్తుతున్న ఫిలిప్పుకు ఆ చదువు వినబడింది. ఎలా వినబడింది? పైకి చదువుతున్నాడు కాబట్టి. మనసులో చదివి ఉంటే ఫిలిప్పుకు రథమే దొరికేది, మనిషి దొరికేవాడు కాదు. అప్పుడు ఫిలిప్పు "ఎన్ని అధ్యాయాలు అయ్యాయి" అని అడగలేదని మీ పాఠకుడికి గుర్తుచేయాలనిపిస్తోంది. గ్రహిస్తున్నావా అని అడిగాడు.

ఇక ఆనందం అంటే ఏమిటో చెప్పకుండా ఆ మాట వాడుకుంటూ పోతే మీరు నన్ను ప్రసంగీకుల్లో కలిపేస్తారు. నాకు కలిగిన రెండు మూడు సంగతులు చెబుతాను.

అయిదు వేల మందికి రొట్టెలు పంచిన కథ చిన్నప్పటి నుంచి విన్నదే. మార్కు ఆరో అధ్యాయంలో వారిని పచ్చికమీద పంక్తులుగా కూర్చోబెట్టారు. మత్తయిలోనూ పచ్చికే. ఒకరోజు మనుమరాలు తన ఇంగ్లీషు బైబిలు చూసి, "తాతా, మార్కులో పచ్చ గడ్డి అని ఉంది, మత్తయిలో ఉట్టి గడ్డి" అంది. మన తెలుగు మాటలోనే పచ్చదనం ఉండడం వల్ల ఆ తేడా నాకు ఎన్నడూ కనబడలేదు. మూడు రోజులు ఆ పచ్చగడ్డిని నమిలాను. అక్కడ వానలు చలికాలంలో. గడ్డి పచ్చగా ఉండేది ఆ తరువాత కొద్దివారాలే, మే వచ్చేసరికి ఎండిపోతుంది. అంటే ఇది వసంతకాలం. మూడో రోజు యోహాను ఆరో అధ్యాయం తీశాను, అదే కథ. పస్కా పండుగ సమీపించిందని అక్కడ రాసి ఉంది! పస్కా వచ్చేది ఆ వసంతంలోనే. ఒకాయన నెల చెప్పాడు, ఒకాయన గడ్డి రంగు చెప్పాడు, ఇద్దరూ కూడబలుక్కోలేదు, రెండూ సరిపోయాయి. దీనివల్ల నా పింఛను పెరగలేదు, మోకాలి నొప్పి తగ్గలేదు. కాని ఆ పూట నేను బజారుకు వెళ్లి, ఏమి కొనడానికి వెళ్లానో మరచి, ఊరికే నవ్వుకుంటూ తిరిగి వచ్చాను.

యోనా కథ పిల్లలకు చేపతో అయిపోతుంది. మొత్తం నలభై ఎనిమిది వచనాలు, అరగంట పట్టదు. పైకి చదువుతూ ఆఖరి వచనానికి వచ్చి ఆగిపోయాను. నీనెవె పట్టణం మీద జాలిపడవద్దా అని దేవుడు యోనాను అడుగుతూ, అక్కడ లక్షా ఇరవై వేలకన్నా ఎక్కువ మంది జనం ఉన్నారంటాడు, వెంటనే "బహు పశువులును" అంటాడు. అంతే, పుస్తకం అయిపోయింది. యోనా ఏమి జవాబు చెప్పాడో లేదు. ఆ గ్రంథంలో చివరికి మిగిలింది పశువులు. గుమ్మలో ఒక వానాకాలం గొంతువాపుతో ఒక్క వారంలో పదకొండు ఎడ్లు చనిపోతే, టీకా ఆలస్యంగా అందినందుకు ఆ రైతుల ముఖం చూడలేక నేను చెట్టుకింద కూర్చున్న రోజు గుర్తుకు వచ్చింది. ఆ లెక్క నా రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదనుకున్నాను. ఈ ఒక్క మాట మీద నేను ఎన్ని రోజులు ఉన్నానో మనుమరాలిని అడగండి. పందొమ్మిది.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పాలి. ఏమీ అనిపించని రోజులు ఉంటాయి. చాలా ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద పడింది. కొండచరియలు విరిగి మనుషులే పోయారు. పాత స్నేహితుడు పిలిస్తే చనిపోయిన పశువుల లెక్కకు సాయంగా వెళ్లాను. ఆ నెల నేను నెమరువేస్తున్నది నలభై ఆరో కీర్తన. పర్వతాలు సముద్రంలో మునిగినా భయపడము అనే కీర్తన. నా ఎదురుగా ఒకాయన రెండు ఎడ్లనూ పోగొట్టుకుని, తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెనక కొండ సగం లేదు. ఆ కీర్తన నా నోట రాలేదు. రాకపోవడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కరెంటు లేని ఆ రాత్రుల్లో పడుకుంటే మాత్రం లోపల అదే తిరిగింది, ఆపుదామన్నా ఆగలేదు. దాన్ని ఆనందం అనను. ఏమనాలో నాకు పేరు దొరకలేదు. వంద అధ్యాయాలు మింగి ఉన్న 2016లో అదే తుపాను వచ్చి ఉంటే, రాత్రి తిరగడానికి లోపల ఒక్క ముద్ద కూడా ఉండేది కాదు. అంతవరకు చెప్పగలను.

భాష సంగతి ఒకటి. మాది గిడుగు రామమూర్తి గారు 1880లో రాజావారి బడికి పంతులుగా వచ్చి, దశాబ్దాలు ఉండి, జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన ఊరు. సవరల కోసం వ్యాకరణం, నిఘంటువు చేసిన మనిషి. అలాంటి ఊళ్లో కూర్చుని నేను చదివే బైబిలేమో "ఆనందించుచు", "మూల్గితిని" అంటుంది. మనుమరాలు అడుగుతుంది, ఎవరు ఇలా మాట్లాడతారు తాతా అని. ఎవరూ మాట్లాడరు. నేటి తెలుగులో వచ్చిన తేలిక అనువాదాలు మా ఇంట్లోనూ ఉన్నాయి, కథ తెలుసుకోవడానికి దానికి అవే ఇస్తాను. కాని నమలడానికి నాకు పాతదే కావాలి. నాలుక జారిపోదు, ప్రతి మాట దగ్గర తట్టుకుని ఆగుతుంది. గిడుగు వారు మన్నించాలి. మనుమరాలికి తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఈ పుస్తకంతోనే, నా పక్కన కూర్చుని. ఇప్పుడు ప్లస్ టూ చదువుతోంది. శ్రీరాంపూరులో ఒడియా బైబిలు 1815కే పూర్తిగా అచ్చయింది, మీ తెలుగు పూర్తి బైబిలు 1854 దాకా రాలేదు కదా అని నన్ను వేళాకోళం చేస్తుంది. మూడు సువార్తలు 1812లోనే అదే శ్రీరాంపూరులో తెలుగులో అచ్చయ్యాయి అని నేను గొంతు పెంచుతాను. ఈ సరిహద్దులో తాతా మనుమరాళ్లు ఇలా కూడా పోట్లాడుకుంటారు.

ఎక్కువ చదవవద్దని నేను అనడం లేదు. మేత లేనిదే నెమరు ఎక్కడిది? నెహెమ్యా గ్రంథంలో ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం వరకు చదివితే జనం నిలబడి విన్నారు. మార్కు సువార్త మొత్తం ఒక్కసారి కూర్చుంటే గంటన్నరలో చదవవచ్చు, చదివి చూడండి, అది వేరే రుచి. నా గొడవ పట్టికతో కూడా కాదు. ఇలాంటి పట్టికల్లో బాగా పేరున్నది 1842లో స్కాట్లండు డండీ పట్టణంలో రాబర్ట్ మర్రే మెక్షేన్ అనే యువ పాస్టరు తన సంఘానికి చేసి ఇచ్చినది. రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున, ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు. ఆ మరుసటి ఏడే, ముప్పై నిండకుండానే ఆయన పోయాడు. పట్టికకు ముందు ఆయన కొన్ని ప్రమాదాలు రాశాడు. ఇది మొక్కుబడి కావచ్చు, చదివానన్న గర్వం రావచ్చు, అజాగ్రత్తగా చదవవచ్చు, కొందరికి మోయలేని కాడి కావచ్చు అని. కాడి అన్నాడు చూడండి, పశువుల సంగతి తెలిసినవాడే. పట్టిక చేసినవాడే చీటీ మీద జాగ్రత్తలు రాసి ఇచ్చాడు. మనం చీటీ చించేసి సీసా మాత్రం పంచుతున్నాం. మా శాఖలో అలా మందు ఇస్తే మెమో ఇచ్చేవారు.

అందుకని మీకు నా విన్నపం ఇది. వచ్చే జనవరిలో పట్టిక వేసినప్పుడు, దాని కింద రెండు వేళ్ల మేర చోటు చేసి ఆ జాగ్రత్తలు కూడా వేయండి. ఇంకొకటి, ఆ పేజీ మూలన రోజూ వేసే వాక్యం అక్షరాలు మరీ చిన్నవి. శుక్లాలు తీయించుకున్నవాళ్ల కోసం కాస్త పెద్దవి చేయండి. దాని కింద నాలుగు వరుసల వివరణ వేస్తున్నారు, అది తీసేస్తే చోటు దానంతట అదే వస్తుంది. నమిలిన ముద్దను పక్కవాడి నోట్లో పెట్టడం దేనికి?

నా పద్ధతి అని గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొద్దున అయిదున్నరకు అరుగు మీద పీట, టీ. పదీ పన్నెండు వచనాలు పైకి చదువుతాను. అందులో ఒకటి కాలికి తగులుతుంది. దాన్ని పట్టుకుని లేస్తాను. కూరలు తరుగుతూ, బ్యాంకులో పింఛను వరుసలో నిలబడి, అది నోట్లోనే ఉంటుంది. బ్యాంకులో నా ముందున్నవారు నేను డబ్బు లెక్క పెట్టుకుంటున్నానని అనుకుంటారు. సాయంత్రం మా ఆవిడ అడుగుతుంది, "ఈ రోజు ముద్ద ఏమిటి?" ఆమె శాలువా రోజు అడిగిన ప్రశ్నే అది, మాట మారింది.

ఈ ఏడాది నేను జనవరి 1న 119వ కీర్తన మొదలుపెట్టాను. 176 వచనాలు, హెబ్రీ అక్షరాలు ఇరవై రెండు, అక్షరానికి ఎనిమిది వచనాలు. రోజుకు ఒకటే. ఇప్పుడు నాలుగో అక్షరమైన దాలెత్ భాగంలో ఉన్నాను. అది "నా ప్రాణము మన్నును హత్తుకొనుచున్నది" అని మొదలవుతుంది, ఆ మాట దగ్గర ఒక పూట ఎక్కువే కూర్చున్నాను. మనుమరాలు లెక్క కట్టి జూన్ 25న, తొలకరి వేళకు అయిపోతుందని క్యాలెండరులో సున్నా చుట్టింది. మీ పట్టిక ప్రకారం వరుసగా వచ్చేవారు ఇదే కీర్తన దగ్గరకు జూలై మొదటి వారంలో చేరుకుంటారట, అది కూడా అదే కట్టింది. ప్రేమ లేదని రాసిన ఆ పాఠకుడు అప్పటికి పట్టిక వదలకుండా ఉంటే, ఆ రోజు మీకు మరో ఉత్తరం రాయమనండి. అందులో ఏ వచనం తగిలిందో చూడాలని ఉంది.

ఇట్లు,
విశ్రాంత లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా